అక్వై సూలిస్: ఒక ఊరి పేరు, దాని విభక్తులు

శ్రోతలకు నమస్కారం. నైరుతి ఇంగ్లాండులో ఏవన్ నది ఒడ్డున బాత్ అనే ఊరుంది. అక్కడ దాదాపు 46 డిగ్రీల వేడితో, రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా నీరు నేలలోంచి ఉబికి వస్తుంది. రోమనులు మొదటి శతాబ్దంలో ఆ ఊట పక్కన కోవెలా స్నానశాలలూ కట్టారు. ఆ ఊరికి లాటిను పేరు 'అక్వై సూలిస్'.

'అక్వ' అంటే నీరు, 'అక్వై' దాని బహువచనం. నీళ్ళు కాచుకునే, నీళ్ళు తోడుకునే తెలుగువారికి ఈ బహువచనం వింతగా తోచదు. కాకపోతే లాటినులో దానికి ఊటలున్న స్నానస్థలం అనే అర్థం స్థిరపడింది. సామ్రాజ్యమంతటా ఇలాంటి 'అక్వై'లు ఎన్నో ఉండడంతో, ఎవరి నీళ్ళో చెప్పే మాట ఒకటి పక్కన చేర్చవలసి వచ్చింది.

ఆ మాటే 'సూలిస్'. ఇది షష్ఠీ విభక్తి. పూర్వపు పండితులు కొందరు దీన్ని 'సోలిస్' అని చదివి, సూర్యుని నీళ్ళని అర్థం చెప్పారు. ఒక్క అచ్చు మారితే దేవుడే మారిపోయాడన్నమాట! ఆ పొరపాటును దిద్దినవి అక్కడ దొరికిన శాసనాలు. రోమనులు తమ దేవత మినెర్వాతో కలిపి కొలిచిన స్థానిక కెల్టిక్ దేవత పేరు ఇదేనని వాటివల్ల తేలింది.

1979-80 తవ్వకాల్లో ఆ ఊటలో సుమారు 130 శాపపు రేకులు, అంటే తమకు కీడు చేసినవారిని శిక్షించమని దేవతను వేడుకుంటూ రాసిన లోహపు రేకులు, బయటపడ్డాయి. స్నానపు అంగీ, పైవస్త్రం పోగొట్టుకున్న సోలీనుస్ అనే అతను, వాటిని తెచ్చి కోవెలలో అప్పగించేదాకా దొంగకు నిద్రా ఆరోగ్యమూ దక్కనివ్వవద్దని ఒక రేకు మీద వేడుకున్నాడు. అందులో 'సూలి మినెర్వాకు' అన్నచోట 'సూలి' చతుర్థీ విభక్తిలో ఉంది. ప్రథమలో ఆ పేరు 'సూల్' అయినా 'సూలిస్' అయినా చతుర్థి ఇలాగే ఉంటుంది కనుక పాత పుస్తకాల్లో ఆమె 'సూల్' అయింది, ఇప్పటివారు 'సూలిస్' అంటున్నారు.

రోమను దారుల పట్టికలో మాత్రం ఈ ఊరు 'అక్వీస్ సూలిస్'. 'అక్వీస్' అంటే 'నీళ్ళ దగ్గర'. ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడ దిగాలో చెప్పుకునే జనం నోట ఊరి పేరు ప్రథమా విభక్తిలో కంటే ఈ రూపంలోనే ఎక్కువగా నలుగుతుంది. ఫ్రాన్సులోని 'అక్వై సెక్స్‌టియై' అలా 'అక్వీస్' మీదుగానే నేటి 'ఎక్స్' అయింది. బాత్‌లో లాటిను పేరు మాసిపోయింది. అయినా, తరువాత వచ్చిన ఆంగ్లో సాక్సన్లు తమ భాషలో పెట్టుకున్న 'బాథుమ్' అనే పేరు కూడా అలాంటి రూపమే. చతుర్థీ బహువచనమైన ఆ మాటకు అర్థం 'స్నానాల దగ్గర'.