నాన్న స్ప్లెండర్‌కి చైన్ బిగించిన ఉదయం

నమస్తే అండీ. డాలస్ నుంచి వచ్చి ఇవాళ్టికి ఆరో రోజు. పొద్దున్న ఆరున్నరైంది, విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటి గేటు లోపల కూర్చున్నాను. అప్పుడే చెమట పట్టేస్తోంది. వెనకాల కనిపిస్తున్నది మా నాన్న హీరో హోండా స్ప్లెండర్, 2003లో కొన్నది. పోర్టులో ఉద్యోగం చేసినన్నాళ్లూ దీని మీదే డ్యూటీకి వెళ్లొచ్చారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పుల వల్ల వారానికోసారి రైతుబజారుకి తప్ప బయటికి తీయడం లేదు.

నిన్న సాయంత్రం నేను నడిపితే, ఎక్సలేటర్ ఇచ్చి వదిలిన ప్రతిసారీ చైన్ కవర్ లోపల టకటకమని కొట్టుకుంటోంది. పక్కనే ఎక్కడైనా చూపించేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. కిందటేడు ఒక షాపులో ఇస్తే అయిదు నిమిషాల్లో వీణ తీగలా బిగించి పంపించారట. ఇంటికొచ్చేదాకా గుయ్యిమని ఒకటే మోత. "స్పానరు నువ్వు పట్రా, నేను పక్కన కూర్చుని చెప్తాను" అన్నారు. అమ్మ నాన్నకి కుర్చీ వేసి, మా ఇద్దరికీ కాఫీ ఇచ్చి వెళ్లింది.

ముందు బండిని డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, చైన్ కవర్ విప్పాం. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను చూడండి. లింకుల మధ్య ఎర్రటి తుప్పు, దాని మీద పాత ఆయిలు జిగురు. సముద్రం ఇక్కడికి దగ్గర కదా, ఉప్పు గాలికి ఇనుము ఊరికే ఉండదు. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షు తీసుకుని చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ కడిగాను. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను, దయచేసి వినండి. ఇంజిన్ ఆన్ చేసి, గేరులో పెట్టి చైన్ మాత్రం తుడవకండి. గుడ్డ పళ్ల మధ్యకి పోతే వేలు కూడా దాంతోనే పోతుంది.

కడిగాక, వెనక స్ప్రాకెట్, అంటే పళ్ల చక్రం మీదున్న చైన్‌ని సరిగ్గా వెనక్కి లాగి చూశాను. పంటి మీంచి సగం దాకా లేచి వస్తే చైన్ అరిగిపోయినట్టే, ఇక బిగించి లాభం లేదు, స్ప్రాకెట్లతో సహా సెట్టు మార్చాల్సిందే. చైన్ సాగింది అంటాం గానీ నిజానికి ఇనుము సాగదు. ఒక్కో లింకులో పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ కాస్త కాస్త అరిగి, ఆ అరుగుదలంతా కలిసి పొడవు పెరుగుతుంది. మాది పెద్దగా లేవలేదు. ఇంకా కొన్నాళ్లు వస్తుంది.

ఇప్పుడు వదులు ఎంతుందో చూడాలి. కింది వరస మధ్యలో వేలు పెట్టి పైకీ కిందకీ ఆడించాలి. చక్రం తిప్పుకుంటూ నాలుగైదు చోట్ల చూడండి, చైన్ అంతటా ఒకేలా అరగదు. ఎక్కడ అన్నిటికన్నా బిగువుగా ఉందో అక్కడే కొలత తీసుకోవాలి. మా బండికి నాన్న లెక్క సుమారు అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు. మీ బండికి మాన్యువల్లో ఎంత రాస్తే అంత. అది మరీ తగ్గకూడదు. మనిషి ఎక్కి కూర్చున్నా, గతుకులో పడ్డా బండి కిందికి దిగి, వెనక చక్రం దాని వైపు పైకి జరుగుతుంది, అప్పుడు చైన్ ఇంకా బిగుస్తుంది. ముందే తీగలా బిగించి ఉంటే ఆ లాగుడంతా గేర్‌బాక్సు షాఫ్టు బేరింగు మీదా, చక్రం బేరింగుల మీదా పడుతుంది. కిందటేడు వచ్చిన మోత అదే.

వెనక బ్రేకు రాడ్ నట్టు వదులు చేశాను. తరవాత యాక్సిల్, అంటే చక్రం ఇరుసు నట్లు. తరవాత, చక్రాన్ని వెనక్కి జరిపి చైన్ బిగించే అడ్జస్టర్ల లాక్ నట్లు. ఎడమ పావు చుట్టు, కుడి పావు చుట్టు, అలా రెండు వైపులా సమానంగా తిప్పుకుంటూ వెళ్లాను. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ మీదున్న గీతలు రెండు పక్కలా ఒకే చోటికి వచ్చాయి. "అయిపోయింది నాన్నా" అన్నాను.

"గీతల్ని నమ్మీకు. ఈనె తే."

పెరట్లో కొబ్బరి చీపురు నుంచి ఒక ఈనె విరిచి తెచ్చాను. ఒక కొస స్వింగార్మ్ ఆడే పివట్ బోల్టు నడిమధ్యన ఆనించి, రెండో కొసని యాక్సిల్ నడిమధ్యకి గోటితో నొక్కి తుంచారు. అదే ఈనె పట్టుకుని కుడివైపుకి వచ్చాం. చూడండి ఇక్కడ. యాక్సిల్ మధ్యకి అందడం లేదు, బియ్యపుగింజ మందం తక్కువైంది. గీతలు సమానంగానే ఉన్నాయి, కొలత మాత్రం లేదు! ఎందుకా అని వంగి చూస్తే కుడి అడ్జస్టర్ రేకు కొంచెం వంగి ఉంది. అంటే ఇన్నాళ్లూ వెనక చక్రం ఓరగా తిరుగుతోందన్నమాట. స్ప్రాకెట్ పళ్లు చూస్తే ఒక పక్క మెరుస్తున్నాయి, ఇంకో పక్క నల్లగా ఉన్నాయి. చైన్ ఒకవైపే ఒరుసుకుంటూ నడిచింది.

రేకు విప్పి, రాయి మీద పెట్టి సుత్తితో మెల్లగా సాపు చేశాను. మళ్లీ బిగించి, ఈనె రెండు పక్కలా సరిపోయేదాకా కుడివైపు సరిచేశాను. వెనకనుంచి ఒక కన్ను మూసి చూస్తే చైన్ గీత గీసినట్టు తిన్నగా ముందుకు పోతోంది. యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు చక్రం జరిగిపోకుండా కాలితో ముందుకి నెట్టి పట్టుకోమన్నారు నాన్న. బిగించాక వదులు మళ్లీ చూశాను. బిగింపుకి అది కొద్దిగా మారుతుంది, అందుకే రెండోసారి చూడటం తప్పనిసరి. లాక్ నట్లు కూడా బిగించేశాను. మీ బండి యాక్సిల్‌కి, నట్టు ఊడకుండా పెట్టే చీలపిన్ను ఉంటే పాతది మళ్లీ వాడకుండా కొత్తది వేయండి.

చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్ కూడా లాగుతుంది. అందుకని బ్రేకు పెడల్ ఆట సరిచేసి, చక్రం చేత్తో తిప్పి ఎక్కడా పట్టడం లేదని చూసుకున్నాను. చివరగా 90 నంబరు గేరాయిలు, లింకుల లోపలికి దిగేలా చుక్కచుక్కగా వేసి, కారిందంతా తుడిచేసి కవర్ పెట్టేశాం.

నాన్నని వెనక కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డెక్కాను. అప్పూఘర్, జోడుగుళ్లపాలెం దాటి తెన్నేటి పార్కు దాకా. టకటక లేదు, మోత లేదు. హ్యాండిల్ ఒక పక్కకి లాగడం కూడా పోయింది. ఆ లాగుడు ఇన్నాళ్లూ రోడ్డుదే అనుకున్నారట ఆయన. సముద్రం పక్కన బండి ఆపగానే నాన్న దిగి, సముద్రం వైపు చూడకుండా ముందు వంగి, వెనక బ్రేకు డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టారు.

"చల్లగానే ఉంది. బ్రేకు రాసుకోవట్లేదు," అన్నారు. తరవాత ఆ చెయ్యి నా భుజం మీద వేసి, మెట్ల దగ్గరికి నడిచారు.