సెబాను తేలు కుట్టింది

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, తలుపులు తీసే వేళకే వచ్చి కూర్చునే మన పాత పాఠకులకు, పిల్లలకు నమస్కారం. ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించడం మర్యాదే. కానీ ఇవాళ నేను చెప్పాల్సిన పేర్లు వేరే ఉన్నాయి. అరగంటే టైమిచ్చారు, మన్నించాలి.

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టారూ, ఈజిప్టు పిరమిడ్ల గురించి చెప్పండి, పిల్లలు ఇష్టంగా వింటారు" అన్నారు. ముందు ఆ లెక్కలు చెప్పేస్తాను. గీజాలో ఖుఫూ రాజు పిరమిడ్ కట్టి సుమారు 4,500 ఏళ్లయింది. కట్టిననాడు ఎత్తు 146 మీటర్లు. రాళ్లు దాదాపు 23 లక్షలు. సగటున ఒక్కో రాయి బరువు రెండున్నర టన్నులు. ఇనుప పనిముట్లు లేని కాలం. రాగి ఉలి, రాతి సుత్తి, మోకు, రాయిని పెట్టి లాగే, చక్రాల్లేని చెక్క బండి. అంతే.

ఈ లెక్కలు వినగానే క్లాసులో ఒకడు లేచేవాడు. "ఇది మనుషుల పని కాదట కదండీ, వేరే గ్రహం వాళ్లు వచ్చి కట్టారట!" ఇంకొకడు, "కాదు, బానిసల్ని కొరడాలతో కొట్టి కట్టించారు" అనేవాడు. ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పాను. ఈ రెండు మాటలు వినని ఏడాది లేదు. విన్న ప్రతిసారీ నాకు కష్టం కలిగేది. ఎందుకంటే నేను తాపీమేస్త్రీ కొడుకుని.

ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు మెరెర్ గురించి చెప్పనివ్వండి.

ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్ అని ఒక పాత రేవు. 2013లో పియర్ తాలే అనే ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడి బృందానికి అక్కడ పపైరస్ కాగితాలు, అంటే నీటిరెల్లుతో చేసిన పాతకాలపు కాగితాలు, దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటికల్లా పాతవి అవే. అందులో మెరెర్ అనే అధికారి రోజువారీ లెక్క ఉంది. తన మనుషులతో తురా క్వారీలో సున్నపురాయి పడవకెక్కించడం, నైలు నది మీదుగా గీజాకు చేర్చడం, మళ్లీ ఖాళీ పడవతో తిరిగి రావడం. ఏ రోజు ఎక్కడున్నారు, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారు, అన్నీ రాసుకున్నాడు. ఆ రాయి ఖుఫూ పిరమిడ్‌కే. బాబూ, వేరే గ్రహం అన్నావే, ఆ గ్రహం వాళ్లకు పడవ లెక్కలెందుకు?

ఇక బానిసల మాట. 1990లో గీజా దగ్గర ఒక గుర్రం కాలు ఇటుక గోడకు తట్టుకుంది. అక్కడ తవ్వితే పిరమిడ్ కట్టినవాళ్ల శ్మశానం బయటపడింది. దగ్గరలోనే వాళ్లుండే ఊరు, రొట్టెలు కాల్చిన బట్టీలు. వాళ్లు సుఖంగా బతికారని నేననను. వెన్నుపూసలు అరిగిపోయిన అస్థిపంజరాలవి. కానీ విరిగిన చేతి ఎముకను ఎవరో సరిగ్గా పెట్టి కట్టు కట్టారు, అది అతుక్కుంది కూడా. చనిపోయాక రాజు సమాధి చాయలోనే పూడ్చి, తిండీ తాగుడుకి కుండలు పెట్టారు. కొరడా ఒక్కటే చూపించి వాళ్ల కథ ముగించేస్తే ఎలా?

ఇప్పుడు మా నాన్న సంగతి.

నాన్న తాపీమేస్త్రీ. ఆయన కింద పన్నెండు పదిహేనుమంది పనిచేసేవారు. జేబులో ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. రోజూ పని దిగాక అరుగు మీద కూర్చుని రాసేవాడు. ఫలానా మనిషి వచ్చాడు, ఫలానా మనిషి సగం పూట, ఫలానా అమ్మాయి రాలేదు, బిడ్డకు జ్వరం. ఎవరు ఎందుకు రాలేదో కూడా రాసేవాడు. ఎందుకు నాన్నా అంటే, "మర్నాడు ఎలా ఉందని అడగొద్దూ?" అనేవాడు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు నేనొక పుస్తకంలో ఒక సున్నపురాతి పలక ఫోటో చూశాను. అసలు పలక లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈజిప్టులోని రాజుల లోయలో ఫరోల, అంటే అక్కడి రాజుల, సమాధులు తొలిచిన పనివాళ్లు దేర్ ఎల్-మదీనా అనే ఊళ్లో ఉండేవారు. రెండో రామ్సెస్ ఏలుబడి 40వ ఏట, అంటే మూడువేల రెండువందల ఏళ్లకు పైగా కిందట, ఆ ఊరి లేఖకుడు రాసిన హాజరుపట్టీ అది. నలభైమంది పేర్లు, ఎవరు ఏ రోజు రాలేదు, ఎందుకు రాలేదు. సెబాను తేలు కుట్టింది. హుయ్‌నెఫర్‌కు కంటి జబ్బు. పెన్‌దువా ఖోన్సుతో కలిసి తాగుతున్నాడు. ఇంకొకరింట్లో చావు, వేరొకరింట్లో దేవుడికి మొక్కు.

ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చుండిపోయాను. అది మా నాన్న నోటుపుస్తకమే అనిపించింది.

ఆ ఊళ్లోనే సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి 1886లో చెక్కుచెదరకుండా దొరికింది. లోపల ఏం పెట్టారో తెలుసా? మూలమట్టం. మట్టం చూసే చెక్క పరికరం, దానికి తాడుతో వేలాడే తూకం గుండు. ఇక్కడ మేస్త్రీలున్నారా? చేయెత్తండి. ఉన్నారు! అయ్యా, రేపు పొద్దున మీరు గోడకు పట్టే గుండు ఉందే, దాని పూర్వీకురాలు కైరో మ్యూజియంలో ఉంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూడటానికి పిల్లల్ని తీసుకెళ్తుంటాం. తప్పకుండా తీసుకెళ్లండి. కానీ నన్నడిగితే ఆ తూకం గుండు ఫోటో ముందు చూపించండి.

సమ్మె గురించి చెప్పకుండా దిగను. మూడో రామ్సెస్ కాలం, ఆయన ఏలుబడి 29వ ఏడు, క్రీ.పూ. 1150ల నాటి మాట. ఆ దేర్ ఎల్-మదీనా పనివాళ్లకు జీతమంటే ధాన్యమే. అది ఆగిపోయింది. నెలలో 18 రోజులు గడిచాయి, ఆకలితో ఉన్నాం అని పని ఆపేసి, కాపలా గోడలు దాటి వెళ్లి ఒక గుడి వెనక కూర్చున్నారు. ఆకలి, దప్పిక మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చాయి, బట్ట లేదు, నూనె లేదు, చేపలు లేవు, కూరలు లేవు, ఫరోకు చెప్పండి అన్నారు. చివరికి ధాన్యం ఇచ్చారు, మళ్లీ ఆపారు, వీళ్లు మళ్లీ బయటికొచ్చారు. ఇదంతా రాసిన పపైరస్ ఇటలీలో ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె ఇదే అంటారు.

మా నాన్న ఒక బడి కట్టాడు. ఏ ఊరిదో, ఎవరు కట్టించారో చెప్పను. ఆఖరి బిల్లు నెలల తరబడి రాలేదు. కూలీలు మా అరుగు మీదకొచ్చి కూర్చునేవారు, ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి నాన్న వాళ్లకిచ్చాడు. ప్రారంభోత్సవం ముందురోజు రాత్రి లాంతరు వెలుగులో శిలాఫలకం గోడకు బిగించాడు. ఏడు పేర్లున్నాయి దాని మీద. నేను లాంతరు పట్టుకున్నాను. నాన్న ఆ ఏడు పేర్లూ పైకే చదివి, రాయి మట్టం చూసి, అంచులకు సిమెంటు పూసి, తడిగుడ్డతో అక్షరాలన్నీ శుభ్రంగా తుడిచాడు. ఒక్క మాట అనలేదు. ఆ ఎనిమిదో వరుస ఖాళీ నేనింకా మరచిపోలేదు.

అయ్యా, ఈజిప్టులోని సఖారాలో జోసర్ రాజు విగ్రహం పీఠం దొరికింది. దాని మీద రాజు పేరుతో పాటు ఇమ్హోటెప్ పేరు కూడా చెక్కి ఉంది. జోసర్ మెట్ల పిరమిడ్ కట్టించిన బుద్ధి ఆయనదని చెప్తారు. దేవుడితో సమానమైన రాజే తన పాదాల దగ్గర ఇంకో మనిషి పేరుకు చోటిచ్చాడు!

కార్యదర్శిగారూ, మీకొక మనవి. ఈ గోడ వెనకే పిల్లల విభాగం గది కడుతున్నారు. నా మాటల మధ్య మీకందరికీ ఆ తాపీ చప్పుడు వినిపిస్తూనే ఉంది. వచ్చే నెల శిలాఫలకం పెడతారు. దాత పేరు ఉండాలి, తప్పకుండా ఉండాలి. దాని కింద ఇంకో రాయి పెట్టండి. ఆ రాయి ఖర్చు నాది, ఇవాళే కట్టేస్తాను. మేస్త్రీ పేరు, ఇటుకలు మోసిన ఆడవాళ్ల పేర్లు, వడ్రంగి పేరు, కరెంటు పని చేసిన కుర్రాడి పేరు, అందరివీ చెక్కిద్దాం.

పిల్లలూ, వాళ్లు ఐదింటికి పని దిగుతారు. ఇప్పుడు నాలుగున్నర. తలా ఒక కాగితం తీసుకుని నాతో రండి. పేరు అడిగి రాసుకోండి, తప్పు లేకుండా రాయండి. ఇవాళ ఎవరైనా పనికి రాకపోతే, ఎందుకు రాలేదో కూడా అడగండి.