గదిలో వనభోజనం

శ్రోతలందరికీ నమస్కారం.

కార్తీక మాసం వస్తే ఆదివారాలు తోటలన్నీ నిండిపోతాయి. ఉసిరి చెట్టు కనిపిస్తే చాలు, దాని కింద చాపలు పరుచుకుంటాయి, గిన్నెలు దిగుతాయి. పెళ్లయిన మొదటి కార్తీకంలో మేమిద్దరం కూడా అలా వెళ్దామనుకున్నాం. హైదరాబాద్‌లో రెండో అంతస్తులో చిన్న పోర్షన్ మాది. ఊరి బయట తోటకి వెళ్లి రావడానికి క్యాబ్ ఎంతవుతుందో చూస్తే, నెలాఖరు కదా, చేతిలో ఉన్నదంతా దానికే సరిపోయేలా ఉంది. పైగా బంగాళాఖాతంలో వాయుగుండం, తెల్లవారుజాము నుంచి ఒకటే ముసురు. సరే, వనభోజనం ఇంట్లోనే చేసుకుందామన్నారు మా ఆయన.

ఆ రోజు కుదరలేదు. వేడివేడిగా పెడదామని నేను మిరపకాయ బజ్జీలకి పిండి కలిపాను. ఆయన ముందు గదిలో చాప మీద, నేను పొయ్యి దగ్గర. ఒక వాయి తీసుకెళ్లి పెట్టడం, మళ్లీ వంటింట్లోకి పరిగెత్తడం. "నువ్వూ రా, చల్లారిపోతున్నాయి" అని ఆయన, "ఈ ఒక్క వాయి అయిపోనివ్వండి" అని నేను. నేను వెళ్లి కూర్చునేసరికి ఆయన తినడం అయిపోయింది. నా చీరంతా నూనె వాసన. మాట్లాడుకున్న నాలుగు మాటలూ గోడ అవతలి నుంచే. రోజూ జరిగేది ఇదేగా, దీనికి చాపెందుకు, పూలెందుకు అనిపించి ఆ రాత్రి ఏడుపొచ్చేసింది.

మర్నాడు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో వనభోజనాలంటే అమ్మ చీకటితోనే లేచి వంటంతా ముగించి, గిన్నెలకి గుడ్డ వాసెన కట్టి రిక్షాలో పెట్టించేది. తోటకి వెళ్లాక ఇక పొయ్యి మాటే లేదు. అందుకే ఆ ఒక్క రోజు అమ్మ కూడా అందరితో పాటు కాళ్లు చాపుకుని కూర్చుని, మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా లేవకుండా తినేది. అమ్మని నేను అలా చూసింది ఆ చెట్ల కిందే.

తర్వాతి ఆదివారానికి మేమొక నియమం పెట్టుకున్నాం. చాప మీద కూర్చున్నాక ఇద్దరిలో ఎవరూ వంటింటి గడప తొక్కకూడదు. మీరు కూడా ఇంట్లో ఇద్దరికే ఒక చిన్న పిక్నిక్ అనుకుంటే, మొదట ఈ ఒక్కటి ఖాయం చేసుకోండి. ఏం వండాలో, ఎంత కొనాలో దాన్ని బట్టే తేలిపోతుంది.

చల్లారినా రుచి తగ్గనివి వండాలి. మన దగ్గర వాటికి లోటా! పులిహోర పొద్దున కలిపితే సాయంత్రానికి పులుపు మెతుకు మెతుక్కీ పట్టి ఇంకా బాగుంటుంది. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, వేడి మీదే పసుపు, పచ్చి కరివేపాకు, రెండు చెంచాల నూనె వేయండి. చల్లారాక ఉడికించిన చింతపండు గుజ్జు, పోపు వేసి కలపండి. వేడి అన్నం గరిటెతో తిప్పితే ముద్దయిపోతుంది, అందుకే కాస్త ఓపిక పట్టాలి. దద్దోజనానికైతే మొత్తం పెరుగు పోయకండి, సాయంత్రానికి పుల్లబడుతుంది. మెత్తగా వండిన అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు పాలు ధారాళంగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి మూత పెట్టండి. తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది. అల్లం, పచ్చిమిర్చి పోపు ఉండనే ఉంది.

చిరుతిండికి ఉడకబెట్టిన పచ్చి వేరుశనగకాయలు. కార్తీకంలో కొత్త పంట వస్తుంది, తోపుడు బండ్ల మీద రాశులు పోసి అమ్ముతారు. ఉప్పు వేసి కుక్కర్‌లో పెట్టేస్తే సరి. ఒక్కొక్కటీ ఒలుచుకు తినాలి కాబట్టి తొందరపడటం కుదరదు. చేతులు వాటి పని అవి చేస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఖరీదైన కేకు కంటే నాకు ఇవే రొమాంటిక్‌గా అనిపిస్తాయి.

ఖర్చు కూడా చెప్తాను. పాల ప్యాకెట్ 30, రెండు అరటాకులు 20, వేరుశనగకాయలు 40, ఉసిరికాయలు 25, షర్బత్‌కి నాలుగు నిమ్మకాయలు 20, పూలు 40. కిందటిసారి మాకు మొత్తం 175 రూపాయలైంది. బియ్యం, చింతపండు, పోపు సామాను ఇంట్లోవే. పూల దగ్గర మాత్రం పిసినారితనం వద్దని నా మాట. కాగడా మల్లెలు ఒక మూర కొని, సగం జడలో పెట్టుకుని సగం నీళ్ల గిన్నెలో వేస్తే గదంతా వాసనే.

పని పంచుకోవాలి కూడా. మా ఇంట్లో షర్బత్, ఆకులు కడగడం, తర్వాత గిన్నెలు తోమడం ఆయనవి. సబ్జా గింజలు ఓ పావుగంట ముందే నానబెట్టాలని ఇప్పుడు ఆయనే నాకు గుర్తు చేస్తారు.

ఇక గది సంగతి. మంచం గోడకి ఆనించి నిలబెడతాం. బాల్కనీలోని కరివేపాకు కుండీ, మనీ ప్లాంట్ లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెట్టి, వాటి మధ్య చాప వేస్తాం. ట్యూబ్‌లైట్ ఆపేసి దీపం పెడితే ఆ గదే వేరేగా కనిపిస్తుంది. ఫ్యాన్ గాలికి ప్రమిద ఆరిపోతుంటే వెడల్పాటి గాజు సీసాలో పెట్టాం. కర్టెన్‌కి మాత్రం దూరంగా ఉంచండి. సెల్‌ఫోన్లు రెండూ బియ్యం డబ్బా మీద. పాటలకి రేడియో ఉంది కదా, 1957 నుంచి వివిధ భారతి ఆ పని చేస్తూనే ఉంది.

అత్తమామలతో కలిసి ఉండేవాళ్లు ముందే చెప్పేయండి, ఈ సాయంత్రం మేమిద్దరం మా గదిలో తింటాం అని. దాచి చేస్తే అదో టెన్షన్. దద్దోజనం మొదటి గిన్నె వాళ్లకి పెట్టి వెళ్లండి.

ఆ గంటన్నరా ఈఎంఐ మాట, ఆఫీసు మాట ఎత్తకూడదని కూడా అనుకున్నాం. అవి తీసేస్తే మొదట్లో కాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదు. దీపం వెలుగులో ఆయన వేరుశనగకాయ ఒలుస్తుంటే మోచేతి మీద మచ్చ కనిపించింది. రోజూ చూసేదే, ఎప్పుడూ అడగలేదు. అడిగాను. ఏడేళ్లప్పుడు జామచెట్టు మీంచి పడ్డారట. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తిన వాళ్ల తాతయ్య గురించి చెప్తూ చెప్తూ ఆయన గొంతు మారిపోయింది. ఆ తాతయ్య మా పెళ్లికి ముందే పోయారు. ఆయన్ని నేను ఆ సాయంత్రమే చూసినట్టయింది.

చివర్లో ఒక ఉసిరికాయ కోసి, ఉప్పద్ది చెరో ముక్క తీసుకున్నాం. నోరంతా వగరు. బయట వాన ఇంకా పడుతూనే ఉంది. నీళ్ల చెంబు అందుకోబోతే అది వంటింట్లో ఉండిపోయింది, ఇద్దరం లేవకూడదు. కిటికీలోంచి చెయ్యి చాపి ఆయన దోసిట్లో వాన నీళ్లు పట్టారు. ఉసిరికాయ తిన్న నోటికి ఆ రెండు గుక్కలూ ఎంత తియ్యగా ఉన్నాయో.

నమస్కారం.