పుస్తకం మూసి అప్పజెప్పండి

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ తప్పిన పిల్లలు నా దగ్గరికి వచ్చి అనే మాట ఒకటే. "నాలుగుసార్లు చదివాను సార్, హాల్లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు." వాళ్ళు అబద్ధమాడటం లేదు. నిజంగానే నాలుగుసార్లు చదివారు. చదివారు, చదివారు, మళ్ళీ చదివారు. చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం అది. కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న సైన్స్ వ్యాసం ఇచ్చారు. ఒక జట్టు ఐదేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, వ్యాసం పక్కన పెట్టేసి, మిగతా మూడు విడతలూ గుర్తున్నదంతా రాసింది. మొదటివాళ్ళు వ్యాసాన్ని సగటున 14 సార్లు చదివారు. రెండోవాళ్ళు మూడు, నాలుగు సార్లే.

ఐదు నిమిషాలాగి అడిగితే చదివినవాళ్ళదే పైచేయి, వ్యాసంలో 83 శాతం గుర్తుంది. రాసినవాళ్ళకు 71. వారం గడిచాక? చదివినవాళ్ళకు మిగిలింది 40 శాతం. రాసినవాళ్ళకు 61! పైగా, వారం తర్వాత కూడా బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది ఆ 14 సార్లు చదివినవాళ్ళే. మన పిల్లల ధీమా కూడా ఇలాంటిదే. పేజీ కళ్ళకు అలవాటైతే పాఠం వచ్చేసిందనుకుంటారు.

చిన్నప్పుడు మన మాస్టార్లు "ఏదీ, అప్పజెప్పు" అనేవారు. బట్టీ నాకు నచ్చదు కానీ, చూడకుండా సొంతమాటల్లో అప్పజెప్పడం మాత్రం పోగొట్టుకోకూడదు.

లెక్చరర్లకు ఒక మాట. అమెరికాలోనే లూసియానా స్టేట్ యూనివర్సిటీలో మొదటి కెమిస్ట్రీ పరీక్ష అయ్యాక, ఎలా చదవాలో 50 నిమిషాల క్లాసు ఒకటి చెప్పారు. దానికి వచ్చినవాళ్ళకు, రానివాళ్ళకంటే చివర్లో సగటున ఒక గ్రేడు ఎక్కువ వచ్చింది. శ్రద్ధగలవాళ్ళే వచ్చి ఉండొచ్చు, నిజమే. అయినా ఒక్క పీరియడే కదా, మన దగ్గరా చెప్పి చూద్దాం.

పిల్లలూ, ఈ రాత్రికి ఒక్క పని చేయండి. మోల్ పాఠం ఒకసారి చదివి పుస్తకం మూసేయండి. తెల్లకాగితం తీసుకోండి. మోల్ అంటే ఏమిటి? 36 గ్రాముల నీటిలో ఎన్ని మోల్‌లు? ఎందుకు? రాయండి. తట్టనిచోట ఖాళీ వదలండి. టెన్షన్ పడకండి, మార్కులు వేసేవాళ్ళెవరూ లేరు. ఇప్పుడు పుస్తకం తెరిచి, ఆ ఖాళీల వరకే చదవండి. రెండు రోజులాగి, ఇంకో తెల్లకాగితం.