బొబ్బిలి కథ నుంచి బీరూట్ వీడియో దాకా

(విజయనగరంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. యుద్ధం గురించి ఈ కాలపు వీడియో ఆర్టిస్టులు ఏం చేస్తున్నారో చెప్పమని పిలిచారు. బెర్లిన్, బీరూట్ పేర్లు ఎత్తేముందు మన పక్కనున్న బొబ్బిలి పేరు ఎత్తుతాను. 1757 జనవరి 24న ఆ కోట కూలింది. ఫిరంగులు ఫ్రెంచి సేనాని బుస్సీవి, పక్కన నిలబడ్డ సైన్యం మన విజయనగరం రాజుది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే ఓ రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును చంపాడు. ఈ కథను బుర్రకథగా బొబ్బిలి దగ్గర పల్లెలోనూ విన్నాను, ఇక్కడ కంటోన్మెంటులోనూ విన్నాను. పాపారాయుడు డేరా గుడ్డ చీల్చే చోట అక్కడ ఈలలు పడ్డాయి. ఇక్కడ నా పక్కన కూర్చున్న పెద్దాయన "చచ్చింది మన రాజే కదా బాబూ" అన్నాడు. రెండు ఊళ్ల మధ్య దూరం గంటన్నర బస్సు ప్రయాణం.

బుర్రకథలో నా కళ్లు ఎప్పుడూ ప్రధాన కథకుడి మీద ఉండవు. పక్కన డక్కీ పట్టుకుని రాజకీయం చెప్పేవాడి మీదే ఉంటాయి. కథ మంచి ఊపు మీద ఉన్నప్పుడు "ఆగాగు, ఇది ఎవరు చూశారు? ఎవరు చెప్పారు నీకు?" అని అడ్డు తగిలి, నిన్నమొన్నటి సంగతి ఒకటి అందులో కలిపి, అప్పుడు మళ్లీ కథ సాగనిస్తాడు. నేను ఇవాళ చెప్పబోయే ఆర్టిస్టులందరూ ఆ డక్కీ వాడి పని చేస్తున్నవాళ్లే.

హరున్ ఫరోకీ జర్మన్ దర్శకుడు. 1944లో పుట్టి 2014లో పోయారు. తండ్రి మన దేశం నుంచి వెళ్లిన డాక్టరు. 1969లో, వియత్నాం మీద నాపామ్ (ఒంటికి అంటుకుని కాల్చే బాంబు మందు) కురుస్తున్న రోజుల్లో, ఆయన ఒక చిన్న నలుపు తెలుపు చిత్రం తీశారు. కోటు వేసుకుని బల్ల ముందు కూర్చుని, నాపామ్‌లో కాలిన ఒక వియత్నాం మనిషి వాంగ్మూలం చదువుతారు. తర్వాత తల ఎత్తి మన వైపు చూస్తారు. కాలిన ఒళ్లు చూపిస్తే మీరు కళ్లు మూసుకుంటారు, తర్వాత ఆ జ్ఞాపకానికీ కళ్లు మూసుకుంటారు, మరి ఎలా చూపించాలి అని అడుగుతారు. అడిగి, వెలుగుతున్న సిగరెట్టు తీసుకుని తన ముంజేతి మీద నొక్కి ఆర్పేస్తారు. సిగరెట్టు మండేది 400 డిగ్రీల దగ్గర, నాపామ్ 3,000 డిగ్రీల దగ్గర అని వెనక నుంచి ఒక గొంతు చెబుతుంది. ఆ దృశ్యంలో ఒక్క శవం కూడా కనబడదు. నాకు మాత్రం ఆ చిత్రం చూసినప్పటి నుంచి నాపామ్ అన్న మాట వింటే చెయ్యి చురుక్కుమంటుంది.

ఆయనే 1988లో తీసిన మరో చిత్రంలో ఒక ఫొటో ఉంది. 1944 ఏప్రిల్ 4న జర్మనీతో పోరాడుతున్న మిత్రదేశాల విమానం ఒకటి పోలండ్ మీద ఎగురుతూ తీసింది. వాళ్లకు కావలసింది ఐజీ ఫార్బెన్ అనే జర్మన్ కంపెనీ వాళ్ల రసాయన కర్మాగారం. ఫొటోలు కడిగి, కర్మాగారం ఎక్కడుందో గీతలు గీసి పక్కన పేర్లు రాసుకున్నారు. అవే ఫొటోల్లో నాజీల ఆష్విట్జ్ మరణ శిబిరం కూడా పడింది. దాన్ని ఎవరూ గుర్తించలేదు. వెతకమని వాళ్లకు చెప్పింది కర్మాగారం కోసం, అందుకని కర్మాగారమే కనబడింది. 33 ఏళ్లు గడిచాక, 1977లో, అమెరికా గూఢచారి సంస్థలో పనిచేసే ఇద్దరు ఆ పాత ఫొటోలు బయటికి తీసి, శిబిరం గోడలను, గ్యాస్ గదులను, వరుసలో నిలబడ్డ మనుషులను గుర్తించి పేర్లు రాశారు. సాక్ష్యం మొదటి నుంచీ బొమ్మలోనే ఉంది. "కెమెరా అబద్ధం చెప్పదు" అని ఎవరైనా అంటే నాకు ఈ ఫొటోయే గుర్తొస్తుంది. కెమెరా చెప్పినా వినేవాడికి అడగడం తెలియాలి.

విమానం అన్నాను కాబట్టి మా అమ్మమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. ఆమెది సోంపేట దగ్గర పల్లె. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రంగూన్ వెళ్లని ఊరు అప్పట్లో తక్కువ. బర్మా వాళ్లు మనల్ని కొరంగీలు అని పిలిచేవారు. రేవులో కూలి, బియ్యం మిల్లులో కూలి. మా ముత్తాత మిల్లులో పనిచేసేవాడు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడినప్పుడు అమ్మమ్మకు పదకొండేళ్లు. లక్షల మందితో పాటు వాళ్లూ కొండలు దాటి నడిచొచ్చారు. వీళ్లు ఇంకా దారిలో ఉండగానే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. ఆ నడక నలభై రోజులని ఒకసారి చెప్పేది, మూడు నెలలని ఇంకోసారి. ఏనుగులు ఒకసారి ఉండేవి, ఒకసారి ఉండేవి కావు. మారనిది ఒక్కటే, వాళ్ల నాన్న నడుముకు కట్టుకున్న రాగి చెంబు. అంచు దగ్గర బొటనవేలు పట్టేంత సొట్ట ఉంటుంది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది.

చిన్నప్పుడు అమ్మమ్మ మాటలు ఒకదానికొకటి పొసగవని నాకు కోపం వచ్చేది. ఆ కోపం పోగొట్టింది లెబనాన్ రాజధాని బీరూట్‌లో పనిచేసే వీడియో ఆర్టిస్టు అక్రమ్ జాతరి. ఆయన సొంత ఊరు దక్షిణ లెబనాన్‌లోని సైదా. 1982లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్ మీద దాడి చేసినప్పుడు ఆ ఊళ్లో ఒక పుకారు పుట్టింది. బడి మీద బాంబు వెయ్యమంటే ఒక పైలట్ వెయ్యనన్నాడట, బాంబుల్ని తీసుకెళ్లి సముద్రంలో పడేశాడట. ఎందుకంటే ఒకప్పుడు సైదాలో ఉండిన యూదుల కుర్రాడే అతను, ఆ బళ్లోనే చదువుకున్నాడట. ఆ బడికి ఏళ్ల తరబడి ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నది జాతరి తండ్రే. చాలా ఏళ్ల తర్వాత తేలిందేమిటంటే, ఆ పైలట్ నిజంగానే ఉన్నాడు, నిజంగానే బాంబులు సముద్రంలో వేశాడు. కానీ సైదాతో అతనికి ఏ సంబంధమూ లేదు. వాస్తుశిల్పం చదువుకున్నవాడు కాబట్టి, పైనుంచి చూడగానే అది బడో ఆసుపత్రో అయ్యుంటుందని కట్టడం తీరును బట్టి పోల్చుకున్నాడు. తర్వాత వేరే పైలట్ వచ్చి ఆ బడిని కొట్టాడు. 2013లో ఇటలీలో జరిగే వెనిస్ బినాలే కళా ప్రదర్శనలో జాతరి ఈ కథతో ఒక వీడియో పెట్టారు. అందులో కుర్రాళ్లు మేడ మీద నుంచి కాగితపు విమానాలు ఎగరేస్తుంటారు.

ఆ ఊరు పుకారులో ఒక్క వివరమే కల్పించుకుంది. "మనవాడే, అందుకే వెయ్యలేదు" అనుకుంది. తెలియని మనిషి జాలి పడ్డాడని నమ్మడం కంటే అది నమ్మడం వాళ్లకు సులువు. అలాంటి తప్పును చెరిపేయకుండా పక్కన పెట్టి చూస్తే, యుద్ధంలో బతికినవాళ్ల మనసు కనబడుతుంది. అమ్మమ్మ ఏనుగులను కూడా నేను అలాగే చూడడం నేర్చుకున్నాను.

వాలిద్ రాద్ కూడా లెబనాన్ వాడే, ఈయన దారి వేరు. 1975 నుంచి 1990 దాకా సాగిన అంతర్యుద్ధం మీద "అట్లాస్ గ్రూప్" పేరుతో ఒక పత్రాల భాండాగారం పెట్టి, అందులోని పత్రాలను, మనుషులను ఆయనే కల్పించారు. ఒక వీడియో కథ ఇలా ఉంటుంది. బీరూట్ సముద్రపు ఒడ్డు మీద నిఘాకు పెట్టిన సైన్యం మనిషి ఒకడు, రోజూ సాయంత్రం కాగానే జనాన్ని వదిలేసి కెమెరాను సూర్యాస్తమయం వైపు తిప్పేవాడు. అతను పెరిగింది తూర్పు బీరూట్‌లో. నగరం తూర్పు, పడమర అని రెండుగా చీలడంతో యుద్ధమంతా ఆ ఒడ్డుకు రాలేకపోయాడు. ఉద్యోగం పోయింది, టేపులు మాత్రం మిగిలాయి. తెర మీద మనకు కనబడేవి వరసగా అస్తమించే సూర్యుళ్లు మాత్రమే. అలాంటి మనిషి లేడు. నగరం రెండు ముక్కలైతే సామాన్యుడికి ఏం పోతుందో మాత్రం ఉంది.

ఇక్కడ ఎవరైనా లేచి, మరి వాట్సాప్‌లో వచ్చే దొంగ వీడియోలకూ దీనికీ తేడా ఏమిటని అడగొచ్చు. అడగాలి కూడా. 2025 మే నెలలో మన దేశానికీ పాకిస్తాన్‌కూ కాల్పులు జరిగిన రోజుల్లో వీడియో గేమ్ దృశ్యాలు నిజమైన దాడులంటూ మన ఫోన్లలో తిరిగాయి. అవి పంపినవాడు కుట్టు కనబడకుండా దాచాడు, మనం ఆలోచించకుండా ఊగిపోవాలని. రాద్ కుట్టు కనబడేలా వదిలేస్తారు, తన భాండాగారం కల్పనేనని దాచలేదు. నా దృష్టిలో నిజాయతీ ఉన్నది ఆ కుట్టులోనే.

మన దేశంలో నళినీ మలానీ 1998లో, పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత, టీవీలను రేకు పెట్టెల్లో పెట్టి దేశ విభజన మీద ఒక పని చేశారు. దేశం వదిలి వచ్చినవాళ్ల చేతిలో ఉండేవి అవే పెట్టెలు కదా. మనకు ఇంకా దగ్గరివాడు అమర్ కన్వర్. 2004 నుంచి 2008 దాకా బర్మా మీద చేసిన వీడియోలకు ఆయన "చిరిగిన మొదటి పేజీలు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అక్కడ సైనిక ప్రభుత్వం ప్రతి పుస్తకం మొదటి పేజీలో తన నినాదాలు అచ్చు వేయించేది. కో థాన్ హ్‌తే అనే పుస్తకాల కొట్టు ఆయన, అమ్మేముందు ఆ పేజీ చింపేసి ఇచ్చేవాడు. జైల్లో వేశారు. ఒక్క పేజీ చింపినందుకు! గ్రంథాలయంలో నిలబడి ఈ మాట చెబుతుంటే నాకు గొంతు పట్టేస్తోంది.

2009లో ఒక స్నేహితుడి దగ్గర హ్యాండీక్యామ్ అడిగి తీసుకుని అమ్మమ్మ ముందు కూర్చున్నాను. నలభై నిమిషాలు హాయిగా చెప్పింది. రంగూన్ వీధులు, మిల్లు ఈల, చెంబు, కొండ దారి. అప్పుడు వాళ్ల తమ్ముడి సంగతి అడిగాను. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు వాడున్నాడు, సోంపేటలో దిగినప్పుడు లేడు. ఆమె చెంబు సొట్ట మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండి, నా వైపు కాకుండా కెమెరా వైపు చూసి "దాన్ని ఆపీ బాబూ" అంది. ఆపేశాను. అప్పుడు చెప్పింది.

ఆ టేపు ఇప్పుడు మీకు చూపిస్తాను. లైట్లు తీసెయ్యండి. చివర్లో తెర నల్లగా అయిపోతే ప్రొజెక్టర్ చెడిపోయిందనుకుని లేవకండి. అది నేనే పెట్టాను, ఏడు నిమిషాలు. కెమెరా ఆపాక ఆమె మాట్లాడింది అంత సేపు.