డయల్ చేయాల్సింది మోడెమా, రౌటరా?

ప్రయోక్త: శ్రోతలకు నమస్కారం. టెలిఫోను రాగి తీగ మీద నడిచే డీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండు ఇంకా ఉన్న ఇళ్లలో, మోడెముకు తోడుగా విడిగా ఒక వైఫై రౌటరు కొని, ఆ రెండింటినీ ఎలా కలపాలో తెలియక ఆగిపోయేవారు చాలామంది ఉన్నారు. ఈనాటి మాట వారి కోసమే. టెలిఫోను ఎక్స్ఛేంజీలలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరు మనతో ఉన్నారు. మేడమ్, మోడెములోనే వైఫై ఉండగా రెండో పెట్టె అవసరమా?

అతిథి: నమస్కారమండీ. అన్ని ఇళ్లకూ అవసరం లేదు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో ఈ సేవ మొదలైనప్పుడు 256 కేబీపీఎస్ వేగం ఉంటే బ్రాడ్‌బ్యాండు అనిపించుకునేది, ఇంట్లో ఒక కంప్యూటరు ఉంటే గొప్ప. ఇప్పుడు మేడమీది గదిలో పిల్లల పాఠాలు, హాల్లో టీవీ, గేటు దగ్గర కెమెరా అన్నీ దాని మీదే ఆధారపడుతున్నాయి. మోడెమేమో ఫోను తీగ ఇంట్లోకి వచ్చే చోటికి దగ్గరగా ఉండాలి, వైఫై ఇంటి నడుమ ఉండాలి. ఈ రెండూ ఒకే చోట కుదరని ఇంట్లో రెండు పెట్టెలు పెట్టుకోవడమే మేలు.

ప్రయోక్త: ఫోను తీగనే హాల్లోకి పొడిగించుకుంటే సరిపోదా?

అతిథి: అందరూ మొదట చేసేది అదే, చేయకూడనిదీ అదే. ఇంటి లోపల వాడే సన్నని ఫోను వైరు, దాని అతుకులు, ఫోను తీగ వచ్చి చేరే తుప్పు పట్టిన రోజెట్ బాక్సు కలిసి సంకేతాన్ని బలహీనపరుస్తాయి. డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్ 2 ప్లస్ పద్ధతిలో గరిష్ఠ వేగం 24 ఎంబీపీఎస్ అయినా, ఎక్స్ఛేంజీ నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల దూరం వెళ్లేసరికి అందులో కొద్ది భాగమే మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని ఇంట్లో పోగొట్టుకోవడం దేనికి? మోడెమును తీగ దగ్గరే ఉంచి, అక్కడి నుంచి ఈథర్నెట్ కేబులు లాగండి. అది వంద మీటర్ల వరకు ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది.

ప్రయోక్త: ఫోను ఎత్తగానే నెట్ పోతోందనే ఫిర్యాదు కూడా ఎక్కువగా వింటుంటాము.

అతిథి: అది చాలావరకు స్ప్లిటరు తప్పు చోట ఉండటం వల్ల వచ్చేదే. మన మాటలు నాలుగు కిలోహెర్ట్జ్ లోపల నడుస్తాయి, డీఎస్ఎల్ సుమారు 25 కిలోహెర్ట్జ్ పైన నడుస్తుంది. ఆ రెండింటినీ విడదీసేది స్ప్లిటరు. అందువల్ల రోజెట్ బాక్సు నుంచి వచ్చే తీగ ముందుగా స్ప్లిటరులోకే వెళ్లాలి. పడకగదిలోని రెండో ఫోనుకు స్ప్లిటరు కన్నా ముందే ప్యారలల్ కనెక్షన్ తీస్తే, ఆ ఫోనుకు విడిగా ఫిల్టరు పెట్టవలసి వస్తుంది.

ప్రయోక్త: ఇక అసలు విషయానికి వద్దాము. కేబులు తెచ్చి రౌటరుకు గుచ్చితే చాలదా?

అతిథి: గుచ్చితే ఎంతోకొంత పనిచేస్తుంది, ఆ పని చేయడమే అసలు చిక్కు. ఈ సేవలో యూజర్ నేము, పాస్‌వర్డు ఇచ్చి ఎక్స్ఛేంజీ వైపున్న సర్వరుతో అనుసంధానం తెరవాలి. ఆ పద్ధతినే పీపీపీఓఈ అంటారు, అలా అనుసంధానం తెరవడమే డయల్ చేయడం. ఎవరు డయల్ చేస్తే వారికే బయటి ఐపీ చిరునామా దక్కుతుంది. మోడెమే డయల్ చేస్తూ, దాని వెనక రౌటరు కూడా తన సొంత చిరునామాలు పంచుతూ ఉంటే చిరునామాల మార్పిడి రెండుసార్లు జరుగుతుంది. దీనిని డబుల్ నాట్ అంటారు. గేటు దగ్గర ఒక వాచ్‌మన్, మెట్ల దగ్గర ఇంకొక వాచ్‌మన్ ఉండి, వచ్చిన అతిథి గురించి ఒకరికి చెప్పినది మరొకరికి తెలియకపోతే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంటుంది. వెబ్ పేజీలు తెరుచుకుంటాయి కనుక ఎవరికీ అనుమానం రాదు. ఊరి నుంచి కెమెరా చూడాలని పోర్టు, అంటే బయటి నుంచి లోపలికి దారి, తెరిచినప్పుడో, పిల్లలు ఆన్‌లైన్ ఆట ఆడినప్పుడో అది బయటపడుతుంది. రౌటరు స్టేటస్ పేజీలో వాన్ చిరునామా, అంటే బయటి వైపు చిరునామా, 192.168తో మొదలవుతుంటే మీ ఇంట్లోనూ ఇదే జరుగుతోందని అర్థం.

ప్రయోక్త: దానికి విరుగుడు బ్రిడ్జ్ మోడ్ అంటారు కదా?

అతిథి: అవునండీ. డయల్ చేసే పనిని మోడెము నుంచి తీసేసి రౌటరుకు అప్పగించడమే బ్రిడ్జ్ మోడ్. అన్నిటికన్నా ముందు యూజర్ నేమును, పాస్‌వర్డును కాగితం మీద రాసుకోండి. తరువాత మోడెము పేజీ తెరిచి, అది ఎక్కువగా 192.168.1.1 వద్ద ఉంటుంది, వాన్ విభాగంలో బీఎస్ఎన్ఎల్ ఏడీఎస్ఎల్ లైనుకు దారిని గుర్తించే నంబర్లు వీపీఐ 0, వీసీఐ 35, ఎన్‌క్యాప్సులేషను ఎల్ఎల్‌సీ అని ఉన్నాయో లేదో చూసి, పీపీపీఓఈ స్థానంలో బ్రిడ్జ్ ఎంచుకోవాలి. మోడెము వైఫైని, ఇంట్లోని పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేయాలి. రౌటరు సొంత చిరునామా కూడా 192.168.1.1 అయితే దానిని 192.168.2.1గా మార్చండి, లేకపోతే రెండు పెట్టెలకూ ఒకే చిరునామా ఉండి తరువాత తికమక కలుగుతుంది. ఆపైన మోడెములో ఇంటి వైపుదైన లాన్ పోర్టు నుంచి రౌటరులో బయటి వైపుదైన వాన్ పోర్టుకు కేబులు పెట్టి, రౌటరులో పీపీపీఓఈ ఎంచుకొని, రాసుకున్న వివరాలు నింపాలి.

ప్రయోక్త: అప్పుడు మోడెములో ఇంటర్నెట్ దీపం వెలగదని విన్నాను.

అతిథి: చాలా మోడెములలో వెలగదు. డయల్ చేసేది అది కాదు కనుక వెలగకపోవడమే సహజం. డీఎస్ఎల్ దీపం నిలకడగా వెలుగుతుంటే లైను బాగున్నట్టే. అయినా రౌటరు కలవకపోతే, పాత సెషన్ సర్వరు వైపు ఇంకా తెరిచి ఉండవచ్చు. రెండు పెట్టెలనూ కొన్ని నిమిషాలు ఆపి, ముందు మోడెమును, డీఎస్ఎల్ దీపం స్థిరపడ్డాక రౌటరును వేయండి.

ప్రయోక్త: అన్నీ సరిగ్గా పెట్టినా కొన్ని సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే?

అతిథి: అప్పుడు ఎంటీయూ, అంటే ఒక్కో డేటా ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం, చూడాలి. ఈథర్నెట్ ప్యాకెట్టులో 1500 బైట్లు పడతాయి, అందులో 8 బైట్లు పీపీపీఓఈ తీసుకుంటుంది, మిగిలేది 1492. రౌటరులో 1500 అని ఉంటే, పెద్ద ప్యాకెట్లు దారిలో ఇరుక్కొని, చిన్నవి మాత్రం వెళ్తుంటాయి. పింగ్ అనే చిన్న పరీక్షకు జవాబు వస్తుంది, బ్యాంకు పేజీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చాలామంది ఈ లోపాన్ని లైన్‌మన్ మీద వేస్తారు కానీ, ఆయన స్తంభం ఎక్కినంత మాత్రాన ఇది బాగుపడదు.

ప్రయోక్త: బ్రిడ్జ్ చేయడం మాకు భయం అనేవారికి?

అతిథి: డయల్ చేసే పని మోడెముకే వదిలేసి, రౌటరును యాక్సెస్ పాయింటుగా, అంటే వైఫై అందించే పెట్టెగా మాత్రమే వాడుకోవచ్చు. రౌటరులో డీహెచ్‌సీపీ ఆపి, దానికి 192.168.1.2 వంటి వేరే చిరునామా ఇచ్చి, కేబులును వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టాలి. చిన్న ఇంటికి నేను చెప్పేది ఇదే. అయితే కెమెరా కోసం తెరిచే పోర్టును అప్పుడు మోడెములో తెరవాలి. ఇంకొక మాట, ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు, ఫోను తీగను కూడా పీకేయాలి. మెరుపుల దెబ్బ ఆ తీగ వెంట కూడా వస్తుంది.

ప్రయోక్త: రేపు ఫైబరు తీసుకుంటే ఈ రౌటరు వృథా అవుతుందా, మేడమ్?

అతిథి: వైఫై సంగతి అలా ఉంచితే, వాన్ పోర్టు ఈథర్నెట్ అయిన ఏ రౌటరైనా పనికి వస్తుంది. డీఎస్ఎల్ మోడెము స్థానంలో ఫైబరు తీగ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె వస్తుంది. వీపీఐ, వీసీఐ ఇక ఉండవు, వాటికి బదులు వీలాన్ నంబరు ఉంటుంది, దానిని సేవ ఇచ్చేవారినే అడిగి తెలుసుకోవాలి. డయలింగ్ పీపీపీఓఈ అయితే ఎంటీయూ 1492 అక్కడా అలాగే ఉంచండి.