ర్యాంకు సంగతి సరే, నిన్న ఎలా గడిచింది?

(ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో ఒక సైకాలజీ అధ్యాపకురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంకాసేపట్లో పిల్లల్ని చూడబోతున్నారు, మనసంతా అక్కడే ఉంటుందని నాకు తెలుసు. అందుకే ఒక్క విషయమే చెబుతాను.

ఒక నిచ్చెన ఊహించుకోండి. అడుగున సున్నా, పైన పది. మీ జీవితం మహా బాగుంటే ఎలా ఉంటుందో అది పది. ఎంత అధ్వాన్నంగా ఉండొచ్చో అది సున్నా. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1965లో ప్రచురించిన పద్ధతి ఇది. సంతోషంలో ఫిన్లాండ్ ఫస్టు, మనం బాగా వెనక అని ఏటా పేపర్లో చదువుతాం కదా, ఆ వరసంతా ఈ ఒక్క ప్రశ్నకు జనం చెప్పిన జవాబులతోనే తయారవుతుంది.

మెట్టు చెప్పమంటే మనం ఏం చూసుకుంటాం? ఉద్యోగం, ఇల్లు, అప్పులు, పిల్లల చదువు, తోడికోడలు పిల్లల చదువు. నిన్న సాయంత్రం మనసు ఎలా ఉందో మాత్రం లెక్కలోకి రాదు.

ఆ నిన్నటి రోజునే లెక్కలోకి తెచ్చాడు డేనియల్ కానెమన్ అనే సైకాలజిస్టు. ఆయన బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో ఉద్యోగాలు చేసుకునే 909 మంది అమెరికన్ మహిళలు నిన్నటి రోజును సినిమాలో సీన్లలాగా విడగొట్టి రాశారు. ఈ సీన్లో ఏం చేస్తున్నాను, పక్కన ఎవరున్నారు, అప్పుడు మనసెలా ఉంది అని. నలుగురితో కబుర్లు చెప్పుకున్న సమయం బాగా పైన నిలిచింది. ఆఫీసు పని, ఆఫీసుకు ప్రయాణం అట్టడుగున. మరి పిల్లల్ని చూసుకోవడం? వంట కంటే, టీవీ చూడటం కంటే కింద! ఇది విని నొచ్చుకోకండి. జీవితంలో మీకు దొరికిన గొప్ప ఆనందం ఏదంటే ఏ తల్లయినా పిల్లల పేరే చెబుతుంది, అది అబద్ధం కాదు. హోంవర్క్ చేయించేటప్పుడు పడిన విసుగూ అబద్ధం కాదు. రెండు ప్రశ్నలు వేరు, అంతే. ఒకటి జీవితాన్ని అడుగుతుంది, ఇంకోటి రోజును అడుగుతుంది. ఆ రోజును బాగా పాడుచేసేవాటిలో ముందు రాత్రి సరిగా నిద్ర లేకపోవడం ఒకటని కూడా అందులో తేలింది. హాస్టల్ యాజమాన్యం వాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ర్యాంకు కోసం మీరు తపించడం తప్పని నేను అనను. మంచి చదువు, మంచి జీతం మెట్టును పెంచుతాయి. 2010లో కానెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ అమెరికాలో చూసినప్పుడు ఆదాయం పెరిగేకొద్దీ మెట్టు పెరుగుతూనే పోయింది. రోజువారీ సంతోషం మాత్రం ఏడాదికి 75,000 డాలర్ల దగ్గర ఆగిపోయిందన్నారు. దాన్ని తర్వాత మాథ్యూ కిలింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు కాదన్నాడు. చివరికి కానెమన్, కిలింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని లెక్కలు మళ్లీ చూసి 2023లో ఒక మాటకొచ్చారు. చాలామందికి డబ్బుతో రోజు కూడా మెరుగవుతూనే ఉంటుంది. ఆగిపోయేది అప్పటికే బాగా దిగులులో ఉన్నవాళ్లకు. కొంత వరకు డబ్బు వాళ్ల కష్టాన్ని తగ్గిస్తుంది, ఆపైన ఎంత వచ్చినా ఆ దిగులు పోదు. నాకు భయం ఇక్కడే. పదహారేళ్లకే మనసు కుంగిపోయిన పిల్లాడికి రేపొచ్చే ప్యాకేజీ మందు కాదు.

ఆదివారం హాస్టల్ ఫోన్ దగ్గర ఒక్కసారి నిలబడి చూడండి. పిల్లలు లైన్లో ఉంటారు. ఒక్కొక్కరికి దొరికేది కాసేపే. "వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది? పోయిన వారం కంటే తగ్గిందేం? ఫిజిక్స్ ఎందుకు పోయింది? సరే, బాగా చదువు, అమ్మకిస్తున్నా." అమ్మ "తిన్నావా నాన్నా" అనేలోపు వెనకవాడు తొందరపెడతాడు. మెట్టు గురించి అడగడం అయిపోయింది. రోజు గురించి అడిగినవాళ్లు లేరు.

"ర్యాంకు రాకపోతే నా పనైపోయింది మేడమ్" అని పిల్లలు నాతో అంటారు. ఈ అంచనానే డేనియల్ గిల్బర్ట్, తోటి పరిశోధకులు 1998లో పరీక్షించారు. వాళ్లు తీసుకున్నది యూనివర్సిటీ అధ్యాపకులను, ఉద్యోగం పర్మనెంటు అయ్యే ఘట్టాన్ని. పర్మనెంటు కాకపోతే కొన్నేళ్లపాటు కోలుకోలేమని ఆ అధ్యాపకులు ఊహించారు. తీరా చూస్తే, కొన్నేళ్ల కిందట పర్మనెంటు అయినవాళ్లకూ కానివాళ్లకూ సంతోషంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మనసుకు దెబ్బ నుంచి తేరుకునే శక్తి ఉంది. ఉందని మనకు ముందుగా తెలియదు, అంతే. పదహారేళ్లవాళ్లకు అసలే తెలియదు. పెద్దవాళ్లం మనం కూడా "ఈ రెండేళ్లే నీ జీవితం" అంటే ఇక వాళ్లకు చెప్పేదెవరు?

ఇవాళ పిల్లల్ని కలవగానే మార్కుల మాట పక్కన పెట్టి, నిన్నటి రోజు అడగండి. ఎన్నింటికి పడుకున్నావు, టిఫిన్ ఎవరి పక్కన కూర్చుని తిన్నావు, దేనికి నవ్వావు, ఎక్కడ ఏడుపొచ్చింది. మొదట "ఏముంది, మామూలే" అంటారు. వదలకుండా మెల్లగా అడగండి. నిద్ర పట్టడం లేదన్నా, తిండి సయించడం లేదన్నా, ఎవరితోనూ మాట్లాడటం లేదని తెలిసినా, పరీక్షలయ్యాక చూద్దాం అనుకోకండి. డాక్టరుకు చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. రాసుకోండి.

యాజమాన్యం వారికి నాదొక విన్నపం. రాత్రి భోజనం తర్వాత ఒక అరగంట ఖాళీగా వదలండి, అప్పుడు స్టడీ అవర్ పెట్టకండి. ఆ అరగంట పిల్లలు మెట్ల మీదో, గ్రౌండులోనో కూర్చుని వాళ్ల కబుర్లు వాళ్లు చెప్పుకుంటారు. వచ్చే సోమవారం నుంచే మొదలుపెడతామని ఈ తల్లిదండ్రుల ముందు మాటివ్వండి.